నీలం కారు మీద గుండ్రటి గీతలు

కొత్తపేట,
ఫిబ్రవరి 10

మామకు,

నేను యాదలక్ష్మిని. ఫోను చేస్తే నీకు వినబడదు. అరిచి చెబుదామంటే మా గదికీ పక్క గదికీ నడుమ ఉన్నది రేకు గోడ, నీకంటే ముందు వాళ్లకు వినబడుతుంది. అందుకే పోస్టాఫీసుకు పోయి కవరు తెచ్చుకున్నాను. ఏడో తరగతి పరీక్ష తర్వాత కూర్చుని ఇంత రాయడం ఇదే. తప్పులుంటే దిద్దుకుని చదువు.

మా ఆయన నడిపే కారు సంగతి అడగాలని రాస్తున్నాను. కారు మురళీకృష్ణ సారుది. సారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. సారూ, వాళ్లమ్మ కోటేశ్వరమ్మ గారూ మా పక్క సందు అపార్టుమెంటులో ఉంటారు. బందరు వైపు వాళ్లు. మా ఆయన వాళ్ల కారు నడుపుతాడు, నేను రెండు పూటలా పోయి గిన్నెలు తోమి, కూరలు తరిగి వస్తాను. కారు కొని మూడు నెలలే. ముదురు నీలం రంగు. రథసప్తమి రోజు కోటేశ్వరమ్మ గారు దానికి పూజ చేయించి, ముందూ వెనకా పక్కలా పసుపుతో స్వస్తికాలు వేయించారు.

మొన్న శుక్రవారం సారు కోచింగ్ సెంటర్ ముందు ఎండలో కారు దిగి చూస్తే ఒళ్లంతా గీతలు. కింద కార్లు పెట్టే చీకటి సెల్లారులో ఉన్నప్పుడు ఎవరికీ కనబడలేదు. ఎండలో మాత్రం సాలెగూడు అల్లినట్టు ఉంది.

ఎవరు చేశారో తెలియదు. అందరూ వాచ్‌మన్ మట్టయ్య అంటున్నారు. మట్టయ్య మన దేవరకొండ వైపు మనిషి. భార్య ఈరమ్మతో ఆ సెల్లారులోనే మెట్ల కింద గదిలో ఉంటాడు. ఆ ముందు వారం నీళ్ల మోటారు ఆలస్యంగా వేశాడని కోటేశ్వరమ్మ గారు అందరి ముందూ తిట్టారు. "మీ కారుకున్న ఇజ్జత్ గూడ మాకు లేకపాయె" అని మట్టయ్య గొణిగాడు. ఇప్పుడు ఆ మాటే ఆయన మెడకు చుట్టుకుంది. "ఇసక పెట్టి రుద్దాడండీ, కడుపుమంటతో" అని కోటేశ్వరమ్మ గారు వచ్చిన వాళ్లకల్లా చెబుతున్నారు.

నువ్వు ఇన్నేళ్లు లారీలకు రంగులు వేశావు. అట్లాంటి గీతలు పోతాయా? పోతే ఎట్లా పోతాయి? తొందరగా రాయి.

నీ మేనకోడలు
యాదలక్ష్మి

*

సూర్యాపేట, బాడీ షెడ్డు,
ఫిబ్రవరి 16

బిడ్డా యాదమ్మా,

ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ షెడ్డు గేటు దగ్గర నిలబడి నా పేరు పదిసార్లు పిలిచాడట. చివరికి లోపలికొచ్చి భుజం తట్టాడు. నలభై ఏళ్లు సుత్తి దెబ్బల మధ్య నిలబడితే చెవులకు ఇంతకన్నా ఏం మిగులుతుంది? ఒక లాభం ఉంది, మా సేటు తిట్లు కూడా వినబడవు.

గీతల సంగతి. చూడకుండా మందు చెప్పేవాడు వైద్యుడు కాడు. నేను అడిగినవి చూసి రాయి. గోటితో గీతకు అడ్డంగా గీకి చూడు. గోరు జారిపోతే దెబ్బ పైపూతలోనే ఉన్నట్టు. కొత్త కార్లకు రంగు మీద గాజులాంటి పూత ఒకటి ఉంటుంది, అది గీసుకుంది, అంతే. గోరు తట్టుకుంటే దెబ్బ రంగు దాకా దిగినట్టు. తర్వాత, గీతలు నిలువుగా ఉన్నాయా, అడ్డంగానా, వంకరగానా? ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎక్కడ లేవు? లేని చోటు తప్పకుండా రాయి. ఉన్న చోటు కంటే అదే ఎక్కువ చెబుతుంది.

తొందరపడి ఏ షెడ్డుకూ ఇవ్వొద్దని మీ సారుకు మీ ఆయన మహేందర్‌తో చెప్పించు. వాళ్లు మొత్తం గీకేసి కొత్త రంగు కొడతారు. కంపెనీలో పడిన రంగు మళ్లీ రాదు.

నువ్వెందుకు ఇంత కంగారు పడుతున్నావో నాకు అర్థం కాలేదు. పెళ్లయి రెండేళ్లలో 'బాగున్నాను' అన్న మాట తప్ప ఇంకో మాట చెప్పించలేకపోయాను నీతో. ఒక కారు నీతో రెండు పేజీలు రాయించింది.

మీ మామ
గోపయ్య

*

కొత్తపేట,
ఫిబ్రవరి 23

మామకు,

నువ్వు చెప్పినట్టే చూశాను. కోటేశ్వరమ్మ గారు మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు సెల్లారుకు దిగి, ఫోను లైటు వేసి చూశాను. గోరు ఎక్కడా తట్టుకోలేదు. డ్రైవరు వైపు తలుపు పిడి కింద మాత్రం ఒక చోట తట్టుకుంది. గీతలు నిలువూ కాదు, అడ్డమూ కాదు. గుండ్రంగా ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, ఒకదాని మీద ఒకటి. బానెట్టు మీద, నాలుగు తలుపుల మీద, డిక్కీ మీద ఉన్నాయి. అద్దాల మీద లేవు. పైకప్పు అంచుల్లో ఉన్నాయి, నడుమ లేవు.

అపార్టుమెంటు వాళ్లు సారు వాళ్లింట్లో మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు పట్టాభి గారు మట్టయ్యను నిలబెట్టి అడిగారు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను.

"ఒప్పుకుంటే పోయేదేం లేదు మట్టయ్యా. ఏదో కోపంలో చేశావు" అన్నారు పట్టాభి గారు.

"నేను ముట్టుకోలే సారు. ముట్టుకుంటే గీ చేతులు ఇరిగిపోను."

"మరి ఎవరు చేసినట్టయ్యా? కెమెరా చూస్తే గేటు వైపే ఉందాయె. బయటివాడు వస్తే నీకు తెలియదా? తెలియకపోతే నువ్వు వాచ్‌మన్‌వి ఎందుకు?" అని కోటేశ్వరమ్మ గారు అన్నారు.

అటు చెప్పినా తప్పే, ఇటు చెప్పినా తప్పే. మట్టయ్య కాఫీ గ్లాసుల వైపు చూశాడు. అందరికీ ఇవ్వకుండానే ట్రే వంటింట్లోకి పట్టుకుపోయి పెట్టేశాను.

మా ఆయన కూడా ముళ్ల మీద ఉన్నట్టే ఉన్నాడు. వాళ్ల పెద్దమ్మ దశదినానికి ఊరికి పోయిన రెండు రోజుల్లోనే ఇదంతా జరిగింది. "నేనుంటే ఒక్కడు గూడ దగ్గరికి రాకపోతుండె" అంటాడు. నిన్న రైతు బజారుకు పోయి ఏమీ కొనకుండా తిరిగొచ్చాను. సంచి చూసి అడిగాడు. "గింత పరేషాన్ ఎందుకయితున్నవ్? గీకింది నువ్వా ఏంది?" అని నవ్వాడు.

మందు రాయి మామా. తొందరగా.

యాదలక్ష్మి

*

సూర్యాపేట,
మార్చి 2

బిడ్డా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెబుతాను, కూర్చుని చదువు.

కడుపుమంటతో కారును పాడు చేసేవాడు తాళంచెవితో ఒక్క గీత పొడుగ్గా లాగి పోతాడు. వాడికి అర నిమిషం చాలు. ఈ పని చేసిన మనిషి గంటకు తక్కువ కాకుండా నిలబడి ఉంటుంది. నాలుగు తలుపులూ విడవలేదు, పిడుల చుట్టూ కూడా విడవలేదు. అద్దాలు గీసుకుపోతాయని అద్దాలను వదిలేసింది. పైకప్పు అంచు దాకా చెయ్యి అందింది, నడుమకు అందలేదు. అంటే పొట్టి మనిషి. చెయ్యి గుండ్రంగా తిరిగింది. తాంబాళం తోమే చెయ్యి అట్లా తిరుగుతుంది. ఇంకొకటి. పసుపు రాస్తే ఉత్త నీళ్లకు పోదు, నీలం రంగు మీద వారం రోజులు కనబడుతుంది. పూజ సంగతి నువ్వే రాశావు. తర్వాత ఆ పసుపు ఏమైందో ఒక్క ముక్క రాయలేదు.

ఇంత శ్రద్ధగా కారును పాడు చేసే పొట్టి మనిషి నాకు తెలిసి ఒక్కతే ఉంది. ఆమెను నేనే పెంచాను.

భయపడకు. ఈ కాగితం చింపి పొయ్యిలో వెయ్యి. ఎవరితోనూ అనకు, మహేందర్‌తో కూడా. మగవాడికి కోపం వస్తే నోరు ఆగదు.

తొమ్మిదో తారీఖు పొద్దుటి బస్సులో డ్రైవరు చేతికి పొట్లం ఇస్తాను. ఎల్బీనగర్ రింగు రోడ్డు దగ్గర మహేందర్‌ను తీసుకోమను. అందులో రబ్బింగ్ కాంపౌండు అనే రుద్దే ముద్ద, పాలిషు, తడిపి వాడే సన్న గరుకు కాగితం, రెండు వేల నంబరు వాటర్ పేపరు ముక్క, మెత్తటి గుడ్డలు ఉన్నాయి. ముందు కారును నీళ్లు పోసి కడగాలి, ఒక్క దుమ్ము రేణువు ఉన్నా కొత్త గీతలు పడతాయి. ఎండలో చెయ్యొద్దు. అరచేయంత మేర తీసుకో, కాంపౌండు బటానీ గింజంత చాలు, గుడ్డతో రుద్ది తుడిచి చూడు, అప్పుడు పక్క మేరకు పో. అంచుల దగ్గర చెయ్యి తేలిక చెయ్యి, అక్కడ పూత పలచగా ఉంటుంది. పిడి కింద లోతైన గీతకు వాటర్ పేపరు గంట సేపు నానబెట్టి వాడు, అది కూడా దువ్వినట్టు.

మీ సారుకు మహేందర్‌తో అడిగించు, 'మా మామ పెయింటరు, ఒక తలుపు చేసి చూపిస్తాం' అని.

గోపయ్య

*

కొత్తపేట,
మార్చి 14

మామకు,

నీ ఉత్తరం చదివాను. పొయ్యిలో వెయ్యలేదు. బియ్యం డబ్బా అడుగున పెట్టాను.

నేనే చేశాను. మా ఆయన ఊరికి పోయిన రెండో రోజు మధ్యాహ్నం. పసుపు ఎండి, నూనె కారి, కుంకుమ చారలు కట్టి కారు చూడబుద్ధి కాలేదు. ఆయన వచ్చాక మాట పడతాడేమోనని, చెప్పకుండా శుభ్రంగా పెడితే సంతోషిస్తాడని అనుకున్నాను. ఉత్త గుడ్డకు పోలేదు. పూజ చేసిన వస్తువే కదా, పూజ సామాను తోమినట్టే తోమాలనుకున్నాను. పచ్చ పీచు, గిన్నెలు తోమే పొడి తెచ్చి మొత్తం తోమాను. తడి మీద అద్దంలా మెరిసింది మామా. సెల్లారు చీకట్లో ఎంత బాగుందో. అప్పుడు ఎవరూ లేరు. పసుపు ఎవరు కడిగారని ఆ తర్వాత కూడా ఎవరూ అడగలేదు. అమ్మగారు మా ఆయన కడిగాడనుకున్నారు, మా ఆయన సారు కడిగించాడనుకున్నాడు.

సారు గీతలు చూసి వచ్చిన సాయంత్రమే చెబుదామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. అంతలో కోటేశ్వరమ్మ గారు "ఆ మట్టయ్యే" అన్నారు. ఆమె ఆ మాట అనకముందే చెప్పి ఉంటే అయిపోయేది. తర్వాత చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సారు ఒప్పుకున్నాడు. మొదట మా ఆయన రుద్దాడు, చెయ్యి బరువు, కాంపౌండు అంతా చారలు కట్టింది. "నీతోని కాదు, ఇటియ్యి" అన్నాను. ఆయనతో నేను అంత గట్టిగా అనడం అదే మొదటిసారి. ముందు తలుపు రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఎండలోకి తెచ్చి చూస్తే ఒక్క గీత లేదు. సారు వంగి, నిలబడి, మళ్లీ వంగి చూశాడు. కోటేశ్వరమ్మ గారు నా రెండు చేతులూ పట్టుకుని "బంగారం లాంటి చేతులే అమ్మాయ్ నీవి" అన్నారు. అక్కడే గేటు దగ్గర మట్టయ్య కుర్చీలో ఉన్నాడు. "చూశావా, పాడు చేసే చేతులు వేరు, బాగుచేసే చేతులు వేరు" అని ఆయనకు వినబడేలా అన్నారు.

నా చేతులు ఆమె చేతుల్లోంచి ఎట్లా తీసుకోవాలో నాకు తెలియలేదు.

మూడో అంతస్తు వాళ్లు కూడా వాళ్ల కారుకు అడిగారు. మా ఆయన మురిసిపోతున్నాడు. "నా భార్య పెయింటరు" అని ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు.

అన్నం సహించడం లేదు. ఏం చెయ్యమంటావు?

యాదలక్ష్మి

*

సూర్యాపేట,
మార్చి 24

బిడ్డా,

చెయ్యి కుదిరిందని చదివి షెడ్డులో అందరికీ చూపించాను. కాగితం మడిచి కింద సగమే చూపించాను, పై సగం ఎవరికీ చూపలేదు.

ఏం చెయ్యాలని అడిగావు. ఏమీ చెయ్యకు. ఎవరూ చూడలేదన్నావు. పని పూర్తి చెయ్యి. గీతలు పోయాక పంచాయితీ ఉండదు. కళ్ల ముందు లేనిదాని గురించి ఎవరూ ఎక్కువ రోజులు మాట్లాడరు. మట్టయ్యను నాలుగు మాటలన్నారు, అంతేగా. వాచ్‌మన్లు మాటలు పడకుండా ఎక్కడున్నారు? నేను పడలేదా? ఒకసారి లారీ తలుపు మీద దేవుడి బొమ్మకు కన్ను పెద్దదైందని ఓనరు చెయ్యి చేసుకున్నాడు.

బానెట్టుకు వచ్చినప్పుడు ఇంజను చల్లారాక చెయ్యి. వేడి మీద కాంపౌండు పట్టేస్తుంది. అంచులు జాగ్రత్త. మరిచిపోతావని మళ్లీ రాస్తున్నాను, రుద్దుడు అంటే రంగు వెయ్యడం కాదు. గీత ఎంత లోతు ఉందో చుట్టూ ఉన్న పూతను అంత తగ్గించడం. అందుకే ఒక్కసారే చెయ్యాలి. మళ్లీ మళ్లీ చేస్తే పూత నిలవదు.

తిండి మానకు.

గోపయ్య

*

కొత్తపేట,
ఏప్రిల్ 10

మామకు,

డిక్కీ తప్ప అంతా అయిపోయింది. పిడి కింద లోతు గీత కూడా కనబడదు. నువ్వు చూస్తే తప్పు పట్టలేవు.

గీతలు పోయాక పంచాయితీ ఉండదన్నావు. అట్లా కాలేదు మామా. గీతలు కారు మీద పోయినకొద్దీ మట్టయ్య మీద ఎక్కువయ్యాయి. ఇప్పుడు లిఫ్టు ఆగినా ఆయనే, చెప్పులు పోయినా ఆయనే. ఐదో అంతస్తు ఆమె బైకు మీద కవరు చిరిగితే "ఆ అలవాటు ఉన్నవాడేగా" అంది. మొన్న మీటింగులో తీర్మానం చేశారు. ఈ నెల ఇరవై ఏడు ఆదివారం గది ఖాళీ చెయ్యాలి, ఆ రోజే కొత్త వాచ్‌మన్ వస్తాడు. మట్టయ్య వాళ్లు అల్మాస్‌గూడలో వాళ్ల చెల్లెలి ఇంటికి పోతారట. ఆమెదీ ఒక్క గదే. ఈ వయసులో ఆయనను గేటు దగ్గర ఎవరు పెట్టుకుంటారు? 'కారు గీకినోడు' అన్న మాట ఆయన కంటే ముందు పోతుంది.

అదే ఆదివారం పొద్దున సారు వాళ్లు బెజవాడ పెళ్లికి బయలుదేరుతున్నారు. ఆ లోపల డిక్కీ పూర్తి చెయ్యమన్నారు.

డిక్కీ ముందు కూర్చుంటాను, గుడ్డ చేతిలో పట్టుకుంటాను, లేచి పోతాను. నాలుగు రోజులుగా ఇదే. ఏం తోచిందో రాస్తాను, తప్పైతే చెప్పు. ఈ గీతలు ఎవరు చేశారో నువ్వు సూర్యాపేటలో కూర్చుని చెప్పావు. గీతలే చెప్పాయన్నావు. అవి నేను తలుపుల మీద తుడిచేశాను, బానెట్టు మీద తుడిచేశాను. ఇంక డిక్కీ మీదే ఉన్నాయి. అది కూడా తుడిస్తే, తర్వాత నేనే చేశానని చెప్పినా ఎవరు నమ్ముతారు? 'పాపం, మెత్తటిది, ముసలోడి మీద జాలితో తన మీద వేసుకుంటున్నది' అంటారు. నన్ను మెచ్చుకుంటారు కూడా. ఇంకా మెచ్చుకుంటే నేను తట్టుకోలేను.

డిక్కీ చెయ్యనా, ఆపనా?

యాదలక్ష్మి

*

సూర్యాపేట,
ఏప్రిల్ 17

యాదమ్మా,

చెయ్యి. ఆదివారం దాకా ఆగకు, ఈ ఉత్తరం అందిన రోజే చెయ్యి.

నువ్వు చెప్పావే అనుకో. ఏమవుతుంది? మహేందర్ పెళ్లాం ఓనరు కారు పాడు చేసి, రెండు నెలలు నోరు మూసుకుని, ఇంకొకడి మీద నిందను చూస్తూ కూర్చుందంటారు. చేసినదాని కంటే దాచినదే పెద్దది. ఎల్బీనగర్ దాకా ఏ ఓనరూ మహేందర్ చేతికి తాళం ఇవ్వడు. వాడు నీ మీద పడతాడు. మీ అమ్మ పోయినప్పుడు నిన్ను షెడ్డుకు తెచ్చి, గుడ్డలు ఉతికే తొట్టి పక్కన పడుకోబెట్టి పెంచాను. నువ్వు పెట్టె పట్టుకుని మళ్లీ ఆ షెడ్డు గేటు దగ్గర నిలబడడం నేను చూడలేను. మట్టయ్య ఎవరో నాకు తెలియదు. నువ్వు తెలుసు.

ఇది తప్పని నాకు తెలియక రాయడం లేదు. అయినా రాస్తున్నాను. పెద్దవాడి మాట విను.

గోపయ్య

*

కొత్తపేట,
ఏప్రిల్ 29

మామకు,

నీ మాట వినలేదు. చిన్నప్పటి నుంచి ఇదే మొదటిసారి. కోపగించుకో, కానీ మొత్తం చదివాక కోపగించుకో.

ఆదివారం పొద్దున మా ఆయన కారును సెల్లారులోంచి పైకి తెచ్చి ఎండలో పెట్టాడు. సారు, కోటేశ్వరమ్మ గారు పెళ్లి బట్టల్లో దిగారు. పట్టాభి గారు కొత్త వాచ్‌మన్ కోసం గేటు దగ్గర తిరుగుతున్నారు. మట్టయ్య, ఈరమ్మ మూటలు బయట పెట్టుకుని ఆటో కోసం చూస్తున్నారు. అందరూ ఒక్క చోటే ఉన్నారు. నేను ముందు రోజే అనుకుని పెట్టుకున్నాను, ఆ నిమిషం దాటితే ఇంక లేదని.

సారు పెట్టె పెట్టబోయి డిక్కీ చూశాడు. "ఇదేంటి లక్ష్మీ, ఇది వదిలేశావే?"

చెప్పాలని నోరు తెరిచాను. మాట రాలేదు. నిజంగా రాలేదు మామా. కొంగు చాటున పచ్చ పీచు, పొడి తెచ్చుకున్నాను. కారు తుడిచే నీళ్ల బకెట్లో ముంచి, నేను బాగుచేసిన వెనక తలుపు మీద పెట్టి అరచేయంత మేర తోమాను. గుండ్రంగా, ఇత్తడి చెంబును తోమినట్టు.

"ఏయ్, పిచ్చి లేసిందా?" అని మా ఆయన వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. అప్పటికే అయిపోయింది. ఇంకో చేత్తో నీళ్లు పోసి కొంగుతో తుడిచాను. తడి ఆరింది. ఎండ పడగానే గీతలు తేలాయి.

సారు తలుపు దగ్గర వంగాడు, డిక్కీ దగ్గర వంగాడు. మళ్లీ తలుపు దగ్గరికి వచ్చాడు. "రెండూ ఒకటే అమ్మా" అన్నాడు వాళ్లమ్మతో.

అప్పుడు మాట వచ్చింది. "పసుపు పోలేదండీ. పూజ సామాను అనుకొని తోమిన. మట్టయ్య తాత ముట్టలే. నేనే. మా ఆయనకు సుత తెల్వదు" అన్నాను. అంతే. అంతకంటే ఒక్క మాట కూడా అనలేదు.

కోటేశ్వరమ్మ గారు నా దగ్గరికి వచ్చారు. "మరి ఆ రోజు నోరు పడిపోయిందా నీకు? నీ చేతులు పట్టుకుని మెచ్చుకున్నానే. సిగ్గు లేకుండా పట్టుకోనిచ్చావు" అన్నారు. ఆమె అన్నది నిజమే. తర్వాత గేటు వైపు తిరిగి, "మట్టయ్యా, వెళ్లక్కర్లేదులే. మోటారు మాత్రం ఆరింటికల్లా వెయ్యి" అన్నారు. ఆమె క్షమాపణ అంతే. పట్టాభి గారు పక్కకు పోయి కొత్తవాడికి రావద్దని ఫోను చేశారు.

కారు బెజవాడ పోయింది. మా ఆయన నా వైపు చూడకుండా ఎక్కాడు. నిన్న తిరిగి వచ్చాడు. పనిలోంచి తీసెయ్యలేదు. దారిలో సారు ఒకటే అన్నాడట, "మీ ఆవిడ చెప్పకపోతే నేనెప్పటికీ కనిపెట్టలేను, లెక్కల మాస్టారుని అయ్యుండీ" అని. నన్ను మాత్రం కొన్నాళ్లు వంటింటికి రావద్దన్నారు. డిక్కీ, ఆ తలుపు చేసి పెట్టమన్నారు. మా ఆయన చెప్పులు విప్పుతూ "ఊరందరి ముంగట చెప్పేదానివి, నాకొక్కనికి చెప్పొద్దా?" అన్నాడు. అన్నం తిని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ మాట నన్ను కోటేశ్వరమ్మ గారి మాట కంటే ఎక్కువ కుదిపింది. దానికి పాలిషు లేదు, రోజులు పడతాయి.

ఇంకొకటి నీకు చెప్పాలి.

కారు పోయాక నేను మెట్ల కింద గది దగ్గరికి పోయాను. మట్టయ్య గేటు దగ్గర కుర్చీ వేసుకుని అవతలికి చూస్తున్నాడు. ఈరమ్మ మూటల నడుమ కూర్చుని ఉంది. నేను ఆమె కాళ్లకు వంగబోయాను. కాళ్లు వెనక్కి లాక్కుంది.

"నువ్వే అని నాకు ముందే ఎరుకే" అంది.

నాకు అర్థం కాలేదు.

"గా దినం గీ తలుపుసందున పండుకొని సూస్తనే ఉన్న. కొంగు బిగించి రుద్దుతున్నవ్. మా ఆయనకు సుత అప్పుడే చెప్పిన."

"మరి మీటింగుల ఎందుకు చెప్పలే అవ్వా?"

"మేం చెప్తే నమ్ముతరా బిడ్డ? తప్పించుకోనికి పనిపిల్ల మీద వేస్తున్నరంటరు. నీ నోటితోని వస్తెనే అది మాట. గ్లాసులు పట్టుకొని నిలబడ్డవ్ గదా, ఇప్పుడు చెప్తదేమో అని మీ తాత నీ దిక్కే సూసిండు. అప్పటి సంది రోజూ సూసినం. నిన్న మూటలు కట్టేటప్పుడు ఇడిసిపెట్టినం, ఇగ చెప్పదని."

కోపంగా కూడా అనలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ మాట్లాడినట్టు అంది. రెండున్నర నెలలు నన్ను ఎవరూ చూడలేదనే అనుకున్నాను. వాళ్లు నన్ను రోజూ చూస్తూ, రోజూ నాకు ఇంకొక రోజు ఇచ్చారు.

నేను నేల మీద కూర్చుని, దగ్గర్లో ఉన్న మూట లాక్కుని ముడి విప్పడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు. సాయానికి కూడా రాలేదు. పాత చీర తడిపి కట్టినట్టుంది, ఆరి బిగుసుకుపోయింది. చాలాసేపు పట్టింది.

యాదలక్ష్మి